బండికి జీపీఎస్ ఓకే.. మరి మనిషి జేబుకి?

ఫోన్ రివ్యూల్లో కెమెరాకి రెండు పేజీలు, గేమింగ్‌కి ఒక పేజీ, ఛార్జింగ్ స్పీడ్‌కి ఒక టేబుల్ ఉంటాయి. జీపీఎస్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకే ఒక్క లైన్: "జీపీఎస్, గ్లోనాస్, గెలీలియో, నావిక్ సపోర్ట్ ఉంది". అంతే, అయిపోయింది. మ్యాప్స్‌లో దారి కనిపిస్తే చాలు, ఇంకేం కావాలి అనుకుంటాం మనం.

కానీ పొద్దున తొమ్మిదింటికి తాడేపల్లి నుంచి వారధి మీదకెక్కే బైకుల్ని ఒకసారి గమనించండి. కొరియర్ బ్యాగులు, ఫుడ్ డెలివరీ బాక్సులు, ఇంటర్నెట్ కేబుల్ చుట్టలు, ఏసీ రిపేర్ సామాన్లు, ఫైనాన్స్ కంపెనీ ఫైళ్లు. దాదాపు ప్రతి హ్యాండిల్ మీదా ఒక ఫోన్ హోల్డర్. మనం స్కిప్ చేసే ఆ ఒక్క లైన్ మీదే వీళ్ల హాజరు, పెట్రోల్ డబ్బులు, ఇన్సెంటివ్ ఆధారపడి ఉంటాయి. మనలో చాలామంది డిగ్రీ అవగానే చేరే మొదటి ఉద్యోగం కూడా ఇలాంటిదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. బండికి ట్రాకర్ పెట్టడం మంచి పని. పని జరిగిందో లేదో ఫోన్‌లో రికార్డ్ చేయడం ఇంకా మంచి పని. కానీ ఉద్యోగి సొంత ఫోన్‌లోకి దూరి, రోజంతా మనిషిని మ్యాప్ మీద చుక్కలా చూడటం తప్పు. పైగా కంపెనీలు అనుకున్నంత బాగా అది పనిచేయదు కూడా. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

స్నాప్‌డ్రాగన్ కంటే ముందు లారీలే

ఫ్లీట్ మేనేజ్‌మెంట్ అంటే ఏదో కొత్త స్టార్టప్ ఐడియాలా వినిపిస్తుంది కానీ, ఇది మన ఫోన్ల కంటే పాతది. ఇవాళ స్నాప్‌డ్రాగన్ చిప్పులు చేసే క్వాల్‌కామ్ మొదట నిలదొక్కుకున్నది లారీల వల్లే. 1988లో ఆ కంపెనీ ఓమ్నిట్రాక్స్ అనే శాటిలైట్ సిస్టమ్ తెచ్చింది. అమెరికాలో వేల మైళ్లు తిరిగే లారీ ఎక్కడుందో ఆఫీసులో కూర్చుని తెలుసుకోవచ్చు, డ్రైవర్‌కి మెసేజ్ పంపొచ్చు. అంతకుముందు డ్రైవర్ దారిలో ఆగి పబ్లిక్ ఫోన్ నుంచి కాల్ చేస్తే తప్ప బండి సంగతి తెలిసేది కాదు.

మన దగ్గర సామాన్యుడికి బాగా తెలిసిన ఫ్లీట్ ఏదంటే 108. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. 2020 జులై 1న విజయవాడ బెంజ్ సర్కిల్‌లో ఒకేరోజు 108, 104 సర్వీసులకి 1,088 కొత్త బళ్లు రోడ్డెక్కాయి. ఆ రోజు ప్రకటించిన టార్గెట్ పట్టణాల్లో 15 నిమిషాలు, గ్రామీణ ప్రాంతాల్లో 20, ఏజెన్సీలో 30 నిమిషాలు. జీపీఎస్ లేకుండా ఇలాంటి మాట ఇవ్వడం అసాధ్యం. కాల్ రాగానే దగ్గర్లో ఖాళీగా ఉన్న బండి ఏదో తెలియాలి కదా.

ఇక్కడ ఒక విషయం గమనించండి. 108లో ట్రాకింగ్ అడిగే ప్రశ్న "డ్రైవర్ ఏం చేస్తున్నాడు?" అని కాదు, "పేషెంట్‌కి దగ్గర్లో ఎవరున్నారు?" అని. టెక్నాలజీ ఒకటే, ప్రశ్న వేరు. మిగతా గొడవంతా ఈ తేడా దగ్గరే మొదలవుతుంది.

తర్వాత రూల్స్ కూడా వచ్చాయి. 2019 జనవరి 1 నుంచి కొత్తగా రిజిస్టర్ అయ్యే ప్రయాణికుల రవాణా బళ్లకి ఏఐఎస్-140 ప్రమాణం ప్రకారం లొకేషన్ ట్రాకర్, ఎమర్జెన్సీ బటన్ తప్పనిసరి చేశారు. ఆటోలు, ఈ-రిక్షాల వంటి వాటికి మినహాయింపు ఇచ్చారు. ఇందులో నాకు నచ్చింది ఆ బటన్. ట్రాకర్ ఓనర్ కోసమే కాదు, బండిలో కూర్చున్న మనిషి కోసం కూడా. ఆర్టీసీ లైవ్ ట్రాక్ యాప్ కూడా అంతే. బస్సు ఎక్కడుందో డిపో మేనేజర్‌తో పాటు స్టాప్‌లో నిలబడ్డవాడికీ కనిపిస్తుంది.

మన ఊరి చుట్టూ జరిగిన పెద్ద ప్రయోగాలు

రాజకీయాలు పక్కన పెట్టి కేవలం టెక్ కళ్లతో చూస్తే, ఫీల్డ్ వర్కర్లని ఫోన్‌తో నడిపించడంలో మన రాష్ట్రం చేసినన్ని ప్రయోగాలు తక్కువ చోట్ల జరిగాయి. అందులో చాలా నిర్ణయాలు ఈ తాడేపల్లి, మంగళగిరి, అమరావతి చుట్టూ ఉన్న ఆఫీసుల్లోనే పుట్టాయి.

2019 ఆగస్టు 15న వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది. గ్రామాల్లో సుమారు 50 ఇళ్లకి ఒకరు చొప్పున, రాష్ట్రం మొత్తం మీద రెండున్నర లక్షల మందికి పైగా. చేతిలో స్మార్ట్‌ఫోన్, వేలిముద్ర తీసుకునే చిన్న మెషీన్, ఒక యాప్. ఒకటో తారీఖు తెల్లారేసరికి పింఛను ఇంటికి. యాప్ లెక్కపెట్టేది వాలంటీర్ ఎన్ని కిలోమీటర్లు నడిచాడని కాదు, 50 ఇళ్లలో ఎంతమందికి అందిందని. 2024 మార్చి చివర్లో ఎన్నికల సంఘం వాలంటీర్లని డబ్బు పంపిణీకి దూరంగా ఉంచమన్నప్పుడు, వాళ్లకిచ్చిన ఫోన్లు, ట్యాబ్‌లు కోడ్ ముగిసేదాకా అధికారుల దగ్గర ఉంచాలని కూడా చెప్పింది. ఆ డివైజ్‌లు ప్రభుత్వానివి కాబట్టి అది కుదిరింది. పని ఆగితే పని ఫోన్ కూడా పక్కకి వెళ్లింది. సొంత ఫోన్ అయితే ఏం చేసేవాళ్లు?

2024 జులై 1న ఇదే తాడేపల్లి మండలంలోని పెనుమాకలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఇంటికెళ్లి పింఛను ఇచ్చి కొత్త పంపిణీ మొదలుపెట్టారు. పెంచిన 4,000, పాత మూడు నెలల బకాయి 3,000 కలిపి ఒక్కొక్కరికి 7,000. ఈసారి తిరిగింది సచివాలయ ఉద్యోగులు. మనుషులు మారారు, ప్రభుత్వం మారింది, పద్ధతి మాత్రం అదే: ఇంటింటి లిస్టు, ఫోన్, ఆధార్ ధ్రువీకరణ, చేతికి డబ్బు. మొదటి రోజే 90 శాతానికి పైగా అందాయి. ఫీల్డ్ యాప్ అంటే ఇలా ఉండాలి. పని ఏంటో స్పష్టంగా ఉంది. అయిందా లేదా అన్నదానికి అవతలి మనిషే సాక్షి.

ఇప్పుడు ఇంటింటికీ రేషన్ బళ్ల సంగతి. 2021 జనవరి 21న బెంజ్ సర్కిల్‌లో మొదలై మొత్తం 9,260 బళ్లతో నడిచాయి. 2025 జూన్ 1 నుంచి మళ్లీ రేషన్ షాపులకి మార్చేశారు, వృద్ధులకీ దివ్యాంగులకీ మాత్రం ఇంటికే. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ వద్దు. టెక్ పాఠం ఒకటుంది. బండి మన వీధిలో ఉందని జీపీఎస్ చెప్పగలదు. మిరపకోతకి వెళ్లిన మనిషి ఆ టైంలో ఇంట్లో ఉందో లేదో చెప్పలేదు. చుక్క సరిగ్గా ఉన్నంత మాత్రాన పని సరిగ్గా జరిగినట్టు కాదు.

ట్రాకింగ్ మనిషి మీదకి మళ్లితే..

2022 ఆగస్టులో రాష్ట్రంలో టీచర్లకి ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ తెచ్చారు. అదీ వాళ్ల సొంత ఫోన్లలో. సంఘాలు వెంటనే అభ్యంతరం చెప్పాయి. హాజరు కావాలంటే డివైజ్ మీరే ఇవ్వండి, మా ఫోన్లలో ఎందుకు అని. అప్పట్లో చాలామంది దీన్ని "పని ఎగ్గొట్టడానికి సాకు" అన్నారు. నాకైతే అది న్యాయమైన ప్రశ్న. బడికి బోర్డు, సుద్దముక్క టీచర్ కొనుక్కురాడు కదా.

ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి ఎన్ఎంఎంఎస్ యాప్ తప్పనిసరి అయింది. రోజుకి రెండుసార్లు కూలీల ఫోటో, టైమూ లొకేషనూ ముద్రతో సహా అప్‌లోడ్ చేయాలి. దొంగ మస్టర్లు ఆగిపోతాయన్నారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకి సర్క్యులర్ పంపింది: సంబంధం లేని ఫోటోలు, ఫోటోకి తీసిన ఫోటోలు అప్‌లోడ్ అవుతున్నాయని. మోసం చేసేవాడికి దారి దొరికింది. నిజంగా గునపం పట్టినవాళ్లు మాత్రం సిగ్నల్ లేని చెరువు గట్టు మీద రెండో ఫోటో కోసం ఎదురుచూడాలి. అది ఎక్కకపోతే కూలి దక్కుతుందో లేదో తెలియదు.

చండీగఢ్, పంచకుల, నాగ్‌పూర్ లాంటి చోట్ల పారిశుధ్య కార్మికులకి జీపీఎస్ వాచీలు కట్టారు. వాచీ తీసినా, తమకిచ్చిన బీట్ దాటినా కంట్రోల్ రూమ్‌లో తెలిసిపోతుంది. చండీగఢ్‌లో కార్మికులు వీటి మీద నిరసనలు చేశారు. మనం స్మార్ట్‌వాచ్‌ని స్టెప్పులు లెక్కపెట్టుకోవడానికి కొనుక్కుంటాం. వాళ్ల స్టెప్పులు వేరేవాళ్లు లెక్కపెడతారు.

2021లో మహారాష్ట్రలో కథ ఇంకోలా నడిచింది. అక్కడ అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వమిచ్చిన ఫోన్లనే వేల సంఖ్యలో తిరిగిచ్చేశారు. 2 జీబీ ర్యామ్ ఫోన్, బరువైన యాప్. హ్యాంగ్ అవ్వడం, వేడెక్కడం, రిపేర్ ఖర్చు చేతి నుంచి పెట్టుకోవడం. అంటే ఫోన్ ఇవ్వడమే కాదు, పనికొచ్చే ఫోన్ ఇవ్వాలి. ఈ వెబ్‌సైట్ చదివేవాళ్లకి 2 జీబీ ర్యామ్ అంటే ఏంటో విడమరచి చెప్పక్కర్లేదు.

అమెరికాలో 2015లో ఒక సేల్స్ ఉద్యోగిని కోర్టుకెక్కింది. కంపెనీ ఆమె ఫోన్‌లో పెట్టించిన యాప్ డ్యూటీ లేనప్పుడు కూడా లొకేషన్ చూపిస్తోందని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఉద్యోగం పోయిందని ఆమె ఫిర్యాదు. కేసు చివరికి రాజీతో ముగిసింది. డ్యూటీ అయిపోయాక కూడా నేను మీ మ్యాప్ మీద ఎందుకుండాలి? ఆమె అడిగింది అదే. అక్కడైనా ఇక్కడైనా ఇదే ప్రశ్న.

స్పెక్ షీట్ చెప్పని సంగతులు

సరే, హక్కుల మాట పక్కన పెడదాం. ఫోన్ జీపీఎస్ జీతం కోసేంత నమ్మకమైనదేనా? మన సబ్జెక్ట్ ఇదే కాబట్టి కొంచెం లోపలికి వెళ్దాం.

ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ సుమారు 5 మీటర్ల తేడాతో లొకేషన్ పట్టుకుంటుంది. ఎత్తైన భవనాల మధ్య, చెట్ల కింద, రేకుల షెడ్డులో ఆ లెక్క గల్లంతు. సిగ్నల్ గోడలకి తగిలి తిరిగి వస్తుంది, చుక్క పక్క వీధికి జారుతుంది. ఎల్1తో పాటు ఎల్5 బ్యాండ్ కూడా పట్టే డ్యూయల్ ఫ్రీక్వెన్సీ ఫోన్లు ఇక్కడ మెరుగు. 2018లో షావోమీ ఎంఐ 8 దీన్ని మొదట తెచ్చింది. 2020లో రియల్‌మీ ఎక్స్50 ప్రోతో నావిక్ కూడా ఫోన్లలోకి వచ్చింది. కానీ ఫీల్డ్‌లో తిరిగేవాళ్ల చేతిలో ఉండేది ఈఎంఐలో కొన్న బడ్జెట్ ఫోన్. ఇద్దరు ఒకే చోట నిలబడినా, ఫోన్ ఖరీదుని బట్టి ఒకడు "ప్రెజెంట్", ఇంకొకడు "ఆబ్సెంట్" అవ్వొచ్చు.

ఇంకో సమస్య సాఫ్ట్‌వేర్. ఆండ్రాయిడ్ 6లో డోజ్ వచ్చింది. ఆండ్రాయిడ్ 8 నుంచి బ్యాక్‌గ్రౌండ్‌లో ఉన్న యాప్‌కి గంటకి కొన్నిసార్లే లొకేషన్ ఇస్తుంది. అందుకే ట్రాకింగ్ యాప్‌లన్నీ పైన ఒక నోటిఫికేషన్ వదలకుండా పెడతాయి. దాని మీద ఫోన్ కంపెనీల సొంత బ్యాటరీ సేవర్లు వచ్చి, ఏ యాప్‌ని ఎప్పుడు చంపుతాయో వాటికే తెలియాలి.

మా వీధిలో ఒక తమ్ముడున్నాడు. గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో కంప్రెసర్లు సర్వీస్ చేస్తాడు. మందపాటి గోడలు, లోపల సిగ్నల్ సున్నా. ఒక నెల మూడు రోజులు హాఫ్ డే కట్ చేశారు. "అన్నా, లోపల మూడు గంటలు చెమటోడ్చా, యాప్ మాత్రం నేను రాలేదంటోంది" అన్నాడు. ఫోన్ తీసుకుని చూస్తే బ్యాటరీ సేవర్ ఆ యాప్‌ని ఆపేస్తోంది, ఆటోస్టార్ట్ ఆఫ్‌లో ఉంది. రెండు టోగుల్స్ మార్చాం, ఆ తర్వాతి నెల కోతల్లేవు. సంతోషమే. కానీ ఆలోచించండి, ఒకటిన్నర రోజు జీతం రెండు టోగుల్స్ మీద ఆధారపడటం ఏంటి? కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజర్ సంతకం పెట్టిన సర్వీస్ రిపోర్ట్ ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు. చుక్కనే నమ్మారు.

కిలోమీటర్ల లెక్క కూడా ఇంతే. తాడేపల్లి నుంచి విజయవాడ వన్‌టౌన్‌కి మ్యాప్ చూపే దగ్గరి దారి ప్రకాశం బ్యారేజీ. 2024 సెప్టెంబర్ మొదట్లో కృష్ణమ్మకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చినప్పుడు పడవలు కొట్టుకొచ్చి గేట్లని ఢీకొన్నాయి. అలాంటి రోజుల్లో రైడర్ వారధి మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. యాప్ "షార్టెస్ట్ రూట్" ప్రకారమే డబ్బులిస్తే ఆ తేడా పెట్రోల్ ఎవరి జేబులోంచి పోతుంది?

ఓనర్ల మాట కూడా వినాలి

ఇంకో వైపు కూడా చెప్పాలి. మూడు లారీలున్న చిన్న ఓనర్‌కి డీజిల్ దొంగతనం, చెప్పకుండా దారి మళ్లించడం నిజమైన నష్టాలే. షాపుకి వెళ్లకుండానే వెళ్లానని రాసే సేల్స్ రెప్‌లు లేరని నేను అనను. ఫేక్ జీపీఎస్ యాప్‌లు ఎలా వాడాలో చెప్పే వీడియోలు మనకి తెలియనివి కాదు.

కానీ మందు ఏంటి? డీజిల్‌కి బండి ట్రాకర్, ఫ్యూయల్ సెన్సర్ ఉన్నాయి. బండి ఓనర్‌ది కాబట్టి అందులో ఏం పెట్టినా అడిగేవాడు లేడు. షాపు విజిట్‌కి షాపువాడి ఓటీపీ, బిల్లు చాలు. పైగా బండి డేటా డ్రైవర్‌కీ పనికొస్తుంది. ఆసియాలోనే పెద్దదని పేరున్న గుంటూరు మిర్చి యార్డులో సీజన్లో లోడు దిగక బండి గంటలకొద్దీ ఆగితే, హాల్టింగ్ ఛార్జీకి ఆ ట్రాకర్ రికార్డే సాక్ష్యం. అయితే ఆ రికార్డ్ డ్రైవర్‌కి కూడా కనిపించాలి. ఒకవైపే కనిపించే అద్దంలా ఉంటే అది నిఘా, అంతే.

చట్టం ఏమంటుంది? డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది. 2025 నవంబర్లో రూల్స్ వచ్చాయి, ముఖ్యమైన నిబంధనల అమలుకి 18 నెలల గడువిచ్చారు. అందులో ఏడో సెక్షన్ ప్రకారం ఉద్యోగ అవసరాలకి, లేదా యజమానికి నష్టం రాకుండా చూసుకోవడానికి సమ్మతి లేకుండానే డేటా వాడొచ్చు. నా గురించి ఏం దాచారో చూపించమని అడిగే హక్కు పదకొండో సెక్షన్‌లో ఉంది. కానీ అది ముఖ్యంగా మనం సమ్మతి ఇచ్చిన డేటాకి. అంటే షాపింగ్ యాప్‌ని అడగగలిగినంత గట్టిగా సొంత కంపెనీని అడగలేం. ఇది నాకు పెద్ద లోటుగా కనిపిస్తోంది.

నేను పెట్టే ఐదు టెస్టులు

ఫోన్‌కి బెంచ్‌మార్క్ ఉన్నట్టే ఫీల్డ్ యాప్‌కీ ఉండాలి. ఏ కంపెనీ యాప్‌నైనా నేను ఈ ఐదు ప్రశ్నలతో కొలుస్తా.

1. ఫోన్ ఎవరిది? రోజంతా లొకేషన్ కావాలంటే ఫోన్, డేటా ప్యాక్ కంపెనీయే ఇవ్వాలి. లేదంటే నెలకింత అని అద్దె కట్టాలి.

2. ఆఫ్ బటన్ ఉందా? డ్యూటీ ముగియగానే ట్రాకింగ్ దానంతట అదే ఆగాలి. ఆగినట్టు స్క్రీన్ మీద కనిపించాలి.

3. కొలిచేది పనినా, చుక్కనా? పింఛను అందిందా, కంప్రెసర్ నడిచిందా, పార్సిల్ చేరిందా అన్నదే లెక్క. దారిలో టీ తాగిన పది నిమిషాలు కాదు.

4. నా డేటా నాకు కనిపిస్తుందా? పది సెకన్లకో పింగ్ అంటే ఎనిమిది గంటల డ్యూటీలో 2,880 సార్లు లొకేషన్ వెళ్తుంది. అందులో ఒక్కటైనా నేను చూడలేకపోతే అది నా రికార్డ్ ఎలా అవుతుంది?

5. తప్పొస్తే ఎవరితో మాట్లాడాలి? జీతం కోసే ముందు ఒక మనిషి ఫోన్ చేసి అడగాలి. యాప్ కోత పెట్టేసి, కస్టమర్ కేర్ చాట్‌బాట్ చేతిలో పెడితే ఆ యాప్ ఫెయిల్.

ఇవి కంపెనీలు చేయాల్సినవి. ఈలోపు మన చేతిలో ఉన్నవి కొన్ని. ఆండ్రాయిడ్ 10 లేదా ఆపై వెర్షన్ ఉంటే, లొకేషన్ పర్మిషన్‌ని "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అని పెట్టొచ్చు. ఆండ్రాయిడ్ 11 నుంచి "ఎప్పుడూ" అన్నది సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే ఇవ్వాలి. అంటే ఎవరైనా అడిగితే ఆలోచించుకునే టైం ఉంది. కంపెనీ ఐటీ వాళ్లు ఒప్పుకుంటే వర్క్ ప్రొఫైల్ పెట్టించుకోండి. 2014లో ఆండ్రాయిడ్ 5తో వచ్చిన ఫీచర్ ఇది. ఆఫీస్ యాప్‌లు విడిగా ఉంటాయి, సాయంత్రం ఒక్క ట్యాప్‌తో పాజ్ చేసేయొచ్చు. హాజరు వేసినప్పుడల్లా ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కస్టమర్ సంతకం ఉన్న కాగితానికి ఫోటో తీయండి. డ్యూటీలో మాత్రం ఆ యాప్‌కి బ్యాటరీ ఆంక్షలు తీసేయండి, లేకపోతే కోత మీకే. ఫేక్ జీపీఎస్ జోలికి మాత్రం వెళ్లొద్దు. మాక్ లొకేషన్ ఆన్‌లో ఉన్న సంగతి యాప్‌కి తెలిసిపోతుంది. దొరికితే మీ వాదనలో న్యాయమున్నా వినేవాడుండడు.

వెర్డిక్ట్

వాహనాల ట్రాకింగ్‌కి నా మార్కులు పదికి తొమ్మిది. ఇంటింటికీ పని లెక్కపెట్టే ఫీల్డ్ యాప్‌కి ఎనిమిది. సొంత ఫోన్‌లో 24 గంటలు మనిషి వెంటపడే యాప్‌కి రెండు, ఆ రెండూ కూడా బ్యాటరీ ఎంత తాగుతుందో దాచకుండా చూపిస్తుంది కాబట్టి.

మీలో కొంతమంది రేపు ఇలాంటి యాప్‌లు రాసే ఉద్యోగాల్లో చేరతారు, ఇంకొంతమంది వాటిని జేబులో వేసుకుని రోడ్డెక్కుతారు. రాసేవాళ్లకి ఒక మాట: రిలీజ్ చేసే ముందు మీ యాప్‌ని ఒక బడ్జెట్ ఫోన్‌లో వేసుకుని, మే నెల ఎండలో, మిర్చి కోల్డ్ స్టోరేజీ లోపలికి వెళ్లి ఒక పూట హాజరు వేసుకుని చూడండి. అక్కడ మీ జీతం కట్ అవ్వకపోతే అప్పుడు వేరేవాళ్ల ఫోన్‌లో పెట్టండి.